ఇది డ్రిల్ మాత్రమే

మా కౌంటీలో మనుషులకంటే పందులు ఎక్కువ. అందుకేనేమో, మనసు చెదిరిన మనిషి ఎదురైతే ఎలా మాట్లాడాలో పోలీసులకు నేర్పే తరగతుల్ని తీసుకొచ్చి పందుల షెడ్డులో పెట్టారు. ఏటా ఆగస్టులో సంత జరిగే మైదానంలో, పోటీకొచ్చిన పందుల్ని ఉంచే షెడ్డు అది. సంత అయిపోయి ఎన్నాళ్ళయినా ఆ వాసన మాత్రం అక్కడే కాపురం ఉంటుంది. నేర్పడానికి రాజధాని నుంచి డాక్టర్ లింద్ అని ఒకాయన వచ్చాడు. మెత్తటి మనిషి, అంతకంటే మెత్తటి గొంతు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ముక్కు మూసుకోలేదు. ఆ ఒక్క సంగతికే ఆయనంటే నాకు గౌరవం కలిగింది.

నా పేరు లొరెట్టా. కోర్టు భవనం కింది గదిలో కూర్చుని 911కి వచ్చే ఫోన్లు ఎత్తేదాన్ని నేనే. గుండె నొప్పొచ్చినా, దూడ కాలవలో పడ్డా, మొగుడు తాగొచ్చి తలుపులు బాదినా, ఈ కౌంటీలో ముందు వినబడేది నా గొంతే. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. పొద్దస్తమానం ఊరందరి ఏడుపులూ వినేదానికి కోపం రాక శాంతం వస్తుందా?

ఈ తరగతులు ఊరికే పెట్టలేదు. అంతకు ముందు ఏడాది టోబీ క్రెస్ల్ అనే కుర్రాడు వాళ్ళ ముంగిట్లో నిలబడి, మొక్కలకు నీళ్ళు పట్టే గొట్టం చేత్తో పట్టుకుని, చెట్లతో పోట్లాట పెట్టుకున్నాడు. మా వాడికి ఒంట్లో బాగోలేదు, నెమ్మదిగా మాట్లాడేవాళ్ళెవరినైనా పంపమ్మా అని వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి అడిగింది. అదే మాట పొల్లుపోకుండా రేడియోలో చెప్పాను. నాలుగు కార్లు సైరన్లు కొట్టుకుంటూ వెళ్ళాయి. గొట్టానికున్న ఇత్తడి మూతిని చూసి తుపాకీ అనుకున్నారు. టోబీ మళ్ళీ లేవలేదు. కోర్టు గట్టిగా గడ్డి పెట్టాక, కౌంటీ పోలీసుల పెద్ద షెరీఫ్‌తో సహా అందరూ తరగతులకు కూర్చోవాల్సిందేనని తీర్పొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. వాళ్ళమ్మ ఇప్పటికీ కొట్లో కనబడితే నన్ను బాగున్నావా అని పలకరిస్తుంది. తిట్టినా నాకు ఇంత కష్టంగా ఉండదు.

ఆ నాలుగో కార్లో ఉన్నవాడు మా అక్క కొడుకు గ్రాడీ. వాడు కాల్చలేదు. కారు దిగేలోపే అంతా అయిపోయింది. అప్పటినుంచీ వాడు ఎవరితో మాట్లాడినా అరుస్తున్నట్టే మాట్లాడతాడు, ఆఖరికి రొట్టెల కొట్లో కూడా.

డాక్టర్ లింద్ నేర్పింది వినడానికి తేలికే. ముందు నీ పేరు చెప్పు. ఆ మనిషి పేరు అడుగు. అతను అన్నదాన్ని మళ్ళీ నీ నోటితో అను, విన్నావని తెలియాలి. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడుగు. ఆ తర్వాత నోరు మూసుకుని పక్కన కూర్చో. సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదనీ, అడక్కపోతేనే ఆ మనిషి ఒంటరివాడవుతాడనీ ఆయన రోజూ చెప్పేవాడు. రెండో రోజుకల్లా మా పోలీసులకు ఈ జబ్బు ముదిరింది. హోటల్లో కాఫీ అయిపోయిందని చెప్పిన పిల్లతో ఒకడు, కాఫీ అయిపోవడం నీకు చాలా బాధగా ఉన్నట్టుందే అన్నాడట. నాకేం బాధ, తాగేది నువ్వు కదా అందిట ఆ పిల్ల. నాకు కోపం వచ్చి ఇంట్లో మా ఆయన మీద అరిస్తే, నువ్వు అరుస్తున్నావని నాకు వినబడుతోంది అన్నాడు. ఆయన తరగతికి కూడా రాలేదు. ఊళ్ళో గాలికే ఆ జబ్బు అంటుకుంది.

రోజూ ఒకరు మనసు చెదిరిన మనిషి వేషం వేస్తే పోలీసులు ఒక్కొక్కరే మాట్లాడి శాంతపరచాలి, దానికి మార్కులు, అదే డ్రిల్. దానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. పోలీసుల తుపాకులన్నీ ఒక ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తారు, తాళంచెవి డాక్టర్ లింద్ మెడలో ఉంటుంది. వేషం వేసే మనిషి మెడలో పసుపు పట్టీ ఉండాలి. అది ఉంటే ఉత్తుత్తి, లేకపోతే నిజం. ఫోన్లో గానీ రేడియోలో గానీ మాట్లాడేటప్పుడు ముందూ వెనకా "ఇది డ్రిల్ మాత్రమే" అని తీరాలి. మొదటి రోజు ఎవడో ఆ మాట మింగేస్తే, పక్క కౌంటీ వాళ్ళు రెండు ఫైరింజన్లు పంపించారు. వాళ్ళు ఈ మధ్యనే సైన్యం దగ్గర వాడేసిన ఉక్కు బండి ఒకటి కొనుక్కున్నారు. దాన్ని ఎక్కడ తోలుదామా అని కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా.

వేషాలన్నీ వేసింది ఎమిల్ సెడ్లాక్. ఎమిల్ నా బడి నాటి నేస్తం. పశువుల వేలంలో పాట పాడేవాడు. ఆయన నోరు విప్పితే ఊపిరి తీసుకోకుండా ఒక మంద మొత్తం అమ్మేసేవాడు. సంత రోజుల్లో జనం కూర్చునే మెట్ల గ్యాలరీ నెత్తినున్న మైకు గదిలో కూర్చుని, ఏ పందికి ఏ బహుమతి వచ్చిందో, ఎవరి పిల్ల తప్పిపోయిందో ఊరంతా వినేలా చెప్పేవాడు. ఊళ్ళో నాటకం వేస్తే రాజూ ఆయనే, దొంగా ఆయనే. భార్య అడేలా పోయాక నాటకాలు తగ్గించాడు. నిరుడు శీతాకాలంలో వేలం శాల మూసేశారు. అయినా డ్రిల్‌కి పిలిస్తే పరిగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చినవాడు తక్కువ తిన్నాడా? ఒక రోజు తన స్నానాల తొట్టి ఓడ అనుకుని అది మునిగిపోతోందని ఏడ్చే ముసలాడు, ఇంకో రోజు నోరు మెదపని ఆడమనిషి. ప్రతిసారీ నాకు ఉత్తుత్తి ఫోన్ చేసి ముందుగా ఇది డ్రిల్ మాత్రమే అని వేలం గొంతుతో గంట కొట్టినట్టు చెప్పేవాడు.

గ్రాడీ ఆ వేషాలన్నిట్లోనూ తప్పాడు. ఓడ ముసలాడిని చేతులు పైకెత్తమని అరిచాడు. ఎత్తితే మునిగిపోతానని ఎమిల్ ఏడ్చాడు. నోరు మెదపని ఆడమనిషికి బేడీలు వేశాడు. ఆపుదామని అడ్డొచ్చిన డాక్టర్ లింద్‌కి కూడా వేశాడు, బేడీల తాళంచెవి ఎక్కడో పారేశాడు. నాలుగో రోజు బేడీలు వేయకుండా అన్నీ సవ్యంగా చేసుకొచ్చి, సూటిగా అడగాల్సిన చోట దగ్గుతెర వచ్చి, ఆకలిగా ఉందా అని అడిగాడు. డాక్టర్ లింద్ ఓర్పుగా, ఇది కూడా మంచి ప్రశ్నే కానీ అడగాల్సింది ఇది కాదని చెప్పాడు.

మా షెరీఫ్ వెర్న్ డోబ్రీ సంగతి కూడా చెప్పాలి. మొదటి రోజు అందరికీ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. అందులో గుసగుసగా గొంతులు వినబడుతుంటాయి: నువ్వు పనికిమాలినవాడివి, వెనక ఎవరో ఉన్నారు, తలుపు తియ్యకు అని. అవి వింటూ చెప్పిన పనులు చేయాలి. మనసు చెదిరినవాళ్ళ తలలో ఎలా ఉంటుందో తెలియాలని. వెర్న్ ఒక్క క్షణం పెట్టుకుని, ఇంట్లో మా ఆవిడ చాలదా అని తీసి పారేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తుపాకీ నడుముకు పెట్టుకుని, డ్రిల్ అంటే చంటిపిల్లల ఆట అని వెక్కిరిస్తూ తిరిగాడు.

ఆఖరి రోజు వేషం గ్యాలరీ కింది మెట్టు మీద కూర్చుని ఏడ్చే మనిషి. తేలికైన వేషమే. నేను టిక్కెట్లు అమ్మే గదిలో డ్రిల్ ఫోను, రేడియో ముందు పెట్టుకుని కూర్చున్నాను. అసలు ఫోన్లు కోర్టు కింద ఇంకొకామె చూస్తోంది. ఫోన్ మోగింది.

"లొరెట్టా, నేను ఎమిల్‌ని. నీకు శ్రమ ఇస్తున్నాను, ఏమీ అనుకోకు."

ఆ తర్వాత ఆ మాట వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ముందు చెప్పాల్సింది మింగేశావు, ఫైరింజన్లు మళ్ళీ రావాలా ఏమిటి అని ఎకసెక్కంగా అన్నాను.

"మింగలేదు," అన్నాడు ఎమిల్. "మా కుక్కని అడేలా చెల్లెలింట్లో వదిలాను. దానికి మాత్ర జున్నుముక్కలో పెడితే గానీ మింగదు. ఆవిడకి చెప్పడం మరిచాను. నువ్వు చెప్తావా?"

డ్రిల్ వేషాల్లో కుక్క లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. ఎమిల్ కింది మెట్టు మీద లేడు. గ్యాలరీ నెత్తిన, మైకు గది కప్పు అంచున, కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. పసుపు పట్టీ మెడలో లేదు. కింద నిచ్చెనకు ముడేసి ఉంది, గాలికి ఊగుతోంది.

ఏమైందని అడిగాను. పొద్దున్న మైకు గది ఒకసారి చూసుకుందామని పైకెక్కాడట. తాళం మార్చేశారట. ఈ ఏడు నుంచి సంతలో మైకు చెప్పడానికి మనిషి అక్కర్లేదనీ, అంతా యంత్రమే చెప్పేస్తుందనీ ఊడ్చేవాడు చెప్పాడట. కమిటీలో ఉన్నవాళ్ళందరూ ఆయన గొంతు విని పెరిగినవాళ్ళే. ఒక్కడికీ ఎదురుపడి చెప్పే మొహం లేకపోయింది. ఎమిల్ అదంతా నాకు కోపం లేకుండా, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు. ఇక అమ్మడానికేమీ లేదు లొరెట్టా అన్నాడు.

రేడియో మీద చెయ్యి వేశాను. ఇది నిజం అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అంటే ఏమవుతుందో నాకు తెలుసు. వెర్న్ తన పొడుగు తుపాకీ తీసుకుని వస్తాడు. డాక్టర్ మెడలో తాళంచెవి లాక్కుని ఇనప్పెట్టె తెరుస్తారు. పక్క కౌంటీ వాళ్ళు ఉక్కు బండిని ఊరేగింపుగా తోలుకొస్తారు, దాంట్లోంచి ఎవడో మైకులో అరుస్తాడు. అనకపోతే, వాళ్ళు ఆటలా తీసుకుంటే, ఆయన దూకేస్తే? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. టోబీ వాళ్ళమ్మ గొంతు చెవిలో వినబడింది. నెమ్మదిగా మాట్లాడేవాళ్ళెవరినైనా పంపమ్మా. ఈ కౌంటీలో తుపాకీ లేకుండా, తొందర లేకుండా, మార్కుల కోసమైనా నెమ్మదిగా మాట్లాడేవాళ్ళు ఆ క్షణాన ఆ మైదానంలోనే ఉన్నారు.

మీట నొక్కాను. "ఇది డ్రిల్ మాత్రమే. మైకు గది కప్పు మీద ఒక మనిషి ఉన్నాడు. ఇది డ్రిల్ మాత్రమే."

డాక్టర్ లింద్ నా కిటికీ దగ్గరికి వచ్చాడు. వేషం మారిందా అని మెత్తగా అడిగాడు. మారిందన్నాను. ఎవరు మార్చారని అడిగాడు. ఎమిలేనని చెప్పాను. ఆయన కప్పు వంక చూశాడు, నిచ్చెనకు కట్టిన పసుపు పట్టీ వంక చూశాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. సరే, ఈసారి ఎవరికీ గడువు లేదు, ఎంతసేపైనా మాట్లాడవచ్చు, ఒక్కొక్కరే వెళ్ళండి అని పోలీసులకు చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు తాళంచెవిని చొక్కా లోపలికి తోసేసుకోవడం చూశాను.

ఎమిల్ ఫోన్ ఆపలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నట్టున్నాడు, అంతా నాకు వినబడుతోంది. మొదట వెళ్ళినవాడు తన మొదటి దూడను ఎమిల్ వేలంలో కొనుక్కున్నవాడే. నిచ్చెన మీద నిలబడి, హలో, నా పేరు డెల్, మీ పేరేమిటి అన్నాడు. ఆయన ఎమిల్ అన్నాడు. కలిసినందుకు సంతోషం అన్నాడు డెల్. ఇంకొకడు ఎక్కాడు. వాడూ పేరు అడిగాడు. మూడోవాడూ అడిగాడు. చావడానికి ఎక్కిన మనిషిని ఊళ్ళో సగం మంది వరసబెట్టి నీ పేరేమిటని అడుగుతున్నారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఎమిల్‌కి అలవాటు పోతుందా? నాలుగోవాడు అడ్డదిడ్డంగా మాట్లాడుతుంటే, నేనన్నదాన్ని నువ్వు తిరిగి అనలేదు బాబూ, మార్కు పోతుంది అన్నాడు పైనుంచి. వాడు థాంక్స్ చెప్పి తిరిగి అన్నాడు. ఇంకొకడు భయపడి గబగబా సూటి ప్రశ్న అడిగేస్తే, అంత వేగంగా అడిగితే వేలంలా ఉంటుంది, కాస్త ఆగి అడుగు అని నేర్పాడు. ఆగి అడిగాడు వాడు. ఎమిల్ జవాబు చెప్పలేదు. వాడు అది నటనే అనుకుని, అద్భుతంగా చేస్తున్నారండీ అని మెచ్చుకుని దిగిపోయాడు. నేను ఆ పిల్లాడి నెత్తి మీద మొట్టాలనుకున్నాను. కానీ ఎమిల్ కాళ్ళు ఇంకా ఊగుతూనే ఉన్నాయి, ఆ ఊగడం ఆగకపోవడమే నాకు చాలు.

అప్పుడే వెర్న్ కారు మైదానంలోకి వచ్చింది. మధ్యాహ్నం తిండి తెచ్చాడు, క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు. కారు మీదున్న మైకులో, డ్రిల్ బంద్, అందరూ తినడానికి రండి అని కేక వేశాడు. పైన ఎమిల్ కాళ్ళు ఊగడం ఆగిపోయింది. నేను గదిలోంచి ఒక్క ఉరుకున బయటికి వచ్చి, డ్రిల్ అయ్యిందని నువ్వెలా చెప్తావు, చెప్పాల్సింది డాక్టర్ గారు అని వెర్న్ మీద ఎగిరి పడ్డాను. వాడు కప్పు మీదికి చూసి పెదవి విరిచాడు. నిజంగా పిచ్చెక్కినవాడు అంత కుదురుగా కూర్చుంటాడా, నేనెక్కి రెండు క్షణాల్లో దింపుతాను చూడు అని నడుముకున్న బెల్టు సర్దుకున్నాడు.

కొరివితో తల గోక్కున్నా ఇంతకంటే నయం. ఏం చెయ్యాలో తోచక, నోటికి వచ్చింది అనేశాను. కోర్టు ఉత్తర్వులో షెరీఫ్ కూడా హెడ్‌ఫోన్ల పాఠం పూర్తి చేయాలని ఉంది, నువ్వు మధ్యలో పారిపోయావు, నీవల్ల మొత్తం కౌంటీకి పట్టా రాదు, షెరీఫ్ ఎన్నికల ముందు ఆ మాట పేపర్లో వస్తే నీ ఇష్టం అన్నాను. వెర్న్ డాక్టర్ వంక చూశాడు. డాక్టర్ లింద్ జీవితంలో అబద్ధం ఆడి ఉండడు. ఆ రోజు మాత్రం తడుముకోకుండా, అవునండీ, ఇప్పుడే పూర్తి చేద్దాం అని షెరీఫ్ చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్ళాడు. పందుల గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, చెవులకు తనే తగిలించి, మోత పెంచేసి, చేతిలో బన్ను పెట్టి వచ్చాడు. తిరిగొస్తూ, ఇంకెవరు మిగిలారని అడిగాడు నన్ను.

గ్రాడీ ఒక్కడే మిగిలాడు. అన్నిట్లోనూ తప్పినవాడు. వాడు నా దగ్గరికొచ్చి, పిన్నీ, నేనా అన్నాడు. ఈ డ్యూటీలో పిన్నీ అనకూడదు అని ఎన్నిసార్లు చెప్పినా వినడు. నువ్వేరా, వెళ్ళు అన్నాను. ఎక్కే ముందు వాడు నిచ్చెనకు కట్టిన పసుపు పట్టీ విప్పి, మడిచి, తన జేబులో పెట్టుకున్నాడు. పరుగున గదిలోకి వెళ్ళి ఫోన్ చెవికి ఆనించుకున్నాను.

వాడు నిచ్చెన మీద ఆగలేదు. కప్పెక్కి ఎమిల్ పక్కన కూర్చున్న చప్పుడు వినబడింది. తర్వాత గ్రాడీ, నా పేరు మీకు తెలుసు కదా అన్నాడు. తెలుసురా అన్నాడు ఎమిల్. మీ పేరు నాకు తెలుసు అన్నాడు వీడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో మరిచిపోయానని ఒప్పుకున్నాడు. టోబీ పోయాక వాడు అరవకుండా మాట్లాడటం నేను వినడం ఇదే మొదలు.

"సూటిగా అడగాలి," అన్నాడు ఎమిల్. "నిన్న కూడా అక్కడే తప్పావు."

"అడగలేనండీ."

"ఎందుకని?"

"మీరు అవునంటారని భయం."

నేను ఫోన్ ఎంత గట్టిగా పట్టుకున్నానో, సాయంత్రానికి చెవి కందిపోయింది. అంతలో షెడ్డులోంచి పెద్ద కేక వినబడింది. వెర్న్. నోర్ముయ్యండి, నా వెనక ఎవ్వడూ లేడు, తలుపు తీస్తే మీకేం పోయింది అని గొంతు చించుకుంటున్నాడు. కింద పోలీసులు బన్నులు నములుతూ అలా చూస్తున్నారు.

ఎవరది అని ఎమిల్ అడిగాడు. షెరీఫ్ గారు, చెవిలో గొంతులతో పోట్లాడుతున్నారు అని గ్రాడీ చెప్పాడు. నడుముకు తుపాకీ కూడా ఉందా అన్నాడు ఎమిల్. ఉంది, బన్ను కూడా ఉంది అన్నాడు గ్రాడీ. ఎమిల్ గొంతులో ఏదో కదిలింది. నవ్వు. మొదట దగ్గులా వచ్చి, తర్వాత ఆగలేదు. గ్రాడీ కూడా నవ్వాడు. నవ్వి, నవ్వి, వాడి గొంతు మారిపోయింది.

"టోబీ కూడా ఇంతేనండీ," అన్నాడు. "చెట్లతో పోట్లాడాడు, అంతే. చేతిలో బన్ను లేదు, నీళ్ళ గొట్టం ఉంది. ఇక్కడ చూడండి, షెరీఫ్ గారి మీద ఒక్కడూ చెయ్యెత్తలేదు." ఆ తర్వాత ఊపిరి పీల్చుకుని అడిగాడు. "ఎమిల్ గారూ, మీకు చచ్చిపోవాలని ఉందా?"

"అవును," అన్నాడు ఎమిల్.

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు గ్రాడీ.

"ఇప్పుడు నోరు మూసుకుని కూర్చోవాలి."

కూర్చున్నారు. కింద తిండి అయిపోయింది. కాగితాలు ఏరేశారు. డెల్ వచ్చి ఇంకెంతసేపు, కాళ్ళు పీకుతున్నాయి అన్నాడు. డాక్టర్ లింద్ తన బన్ను అలాగే చేత్తో పట్టుకుని, కప్పు మీంచి చూపు తిప్పకుండా, ఇంత బాగా జరిగే డ్రిల్‌ని మధ్యలో ఆపకూడదు అన్నాడు. పైన ఎప్పటికో ఎమిల్ మాట్లాడటం మొదలుపెట్టాడు. అడేలా గురించి, వేలం శాల గురించి, పొద్దున్న మారిన తాళం గురించి. గ్రాడీ ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. మార్కులు పోయాయి. చివరికి ఎమిల్, నాకు నిలబడాలంటే భయంగా ఉంది, కాళ్ళు తిమ్మిరెక్కాయి అన్నాడు. నా బెల్టు పట్టుకోండి, నేను ముందు దిగుతాను అన్నాడు గ్రాడీ.

ఇద్దరూ దిగుతుంటే పోలీసులు చప్పట్లు కొట్టారు. డాక్టర్ లింద్ ముందుకెళ్ళి ఎమిల్ భుజం చుట్టూ చెయ్యి వేసి, అందరి ముందూ చాలా బాగా చేశారండీ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నాకు తెలిసిన మంచి డాక్టరమ్మ పక్క ఊరి ఆసుపత్రిలో ఉంది, మనిద్దరం ఆవిడతో కాఫీ తాగి వద్దాం, ఈ రాత్రి అక్కడే ఉండాల్సి రావచ్చు అన్నాడు. ఎమిల్ తలూపాడు. నేను గ్రాడీ దగ్గరికి వెళ్ళి, నీకెప్పుడు తెలిసిందిరా అని అడిగాను. నీ గొంతు వణకడం విన్నప్పుడే పిన్నీ, నువ్వు డ్రిల్‌కి వణికే మనిషివా అన్నాడు.

అప్పుడు షెడ్డులోంచి వెర్న్ బయటికి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. హెడ్‌ఫోన్లు ఇంకా చెవులకే ఉన్నాయి, అందుకని ఊరంతా వినేలా, ఎవడు దింపాడు అని అరిచాడు. గ్రాడీని వేలు పెట్టి చూపిస్తే నమ్మలేదు. ఎమిల్ వంక చూసి, నటన బాగుంది గానీ నిజమైనవాడు ఇంత బుద్ధిగా దిగడయ్యా అని తీర్పు చెప్పాడు. ఆ తర్వాత హెడ్‌ఫోన్లు తీసి, చేత్తో పట్టుకుని, డాక్టర్ దగ్గరికెళ్ళి నెమ్మదిగా ఒక మాట అడిగాడు. ఆ క్రెస్ల్ కుర్రాడికి ఇలాగే వినబడేదా అని. వినబడి ఉండొచ్చు అన్నాడు డాక్టర్. వెర్న్ కార్లోకెళ్ళి కూర్చున్నాడు, చాలాసేపు బండి తియ్యలేదు.

డాక్టర్ కారు కదలబోతుంటే ఎమిల్ అద్దం దించి నన్ను పిలిచాడు. కుక్క మాత్ర సంగతి మళ్ళీ చెప్తాడేమో అనుకున్నాను. ఇంత పని చేస్తావా ఎమిల్, నేనేమైపోవాలి అని తిట్టాను, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"లొరెట్టా, నాకు మళ్ళీ ఇలా అనిపించి ఫోన్ చేస్తే," అన్నాడు, "వాళ్ళకి డ్రిల్ అనే చెప్పు."

ఆగస్టు సంతలో మైకు గదికి పాత తాళమే పడింది. కమిటీ వాళ్ళతో నేనేం మాట్లాడానో ఇక్కడ రాయను, రాస్తే అచ్చువేయరు. ఎమిల్ వారానికోసారి పక్క ఊరు వెళ్ళొస్తున్నాడు, గ్రాడీయే తీసుకెళ్తాడు. సంతలో ఏ పందికి ఏ బహుమతో ఈసారి కూడా ఆయన నోటే విన్నాం.

మొన్న మధ్యాహ్నం రైలు పట్టాల అవతల నుంచి ఫోన్ వచ్చింది, అసలు ఫోన్‌కి. ఒక ముసలి టీచరమ్మ వంటింట్లో తలుపేసుకుని, చేత్తో కత్తి పట్టుకుని, ఎప్పుడో చనిపోయిన తమ్ముడితో మాట్లాడుతోంది. ఫోన్ చేసింది ఆవిడ కూతురు. నెమ్మదిగా మాట్లాడేవాళ్ళని పంపమ్మా అంది. రేడియోలో ఇంటి నంబరు చెప్పాను. మొదట పలికింది గ్రాడీ.

"పిన్నీ," అన్నాడు, "నిజమా, డ్రిల్లా?"

వాడికి తెలుసు. వింటున్నవాళ్ళందరికీ తెలుసు. షెరీఫ్ కూడా రేడియో వింటున్నాడు, కిక్కురుమనలేదు.

"ఇది డ్రిల్ మాత్రమే," అన్నాను.

వాడు కారు ఆపడం వినబడింది. వెనక డిక్కీ తెరిచి, తుపాకీ అందులో పెట్టి, మూత వేసి, నడుచుకుంటూ వెళ్ళాడట.